మూడు నీళ్ల తేనీరు

పిల్లలూ, ఈ నెల మిమ్మల్ని ఒక ప్రయాణానికి తీసుకొని పోతాను. దూరమేమీ కాదు. కర్నూలులో బయలుదేరి, నంద్యాల మీదుగా జమ్మలమడుగు దాకా. కొంత బస్సులో, కొంత రైలులో. నా చేతిసంచిలో ఒక రేకుడబ్బా, ఒక చిన్న పింగాణీ కూజా, రెండు సీసాలు ఉన్నాయి. ఆ సీసాలు ఎందుకో తరువాత చెబుతాను. ముందు డబ్బా సంగతి వినండి.

మా తమ్ముని కొడుకు తైవాన్ ద్వీపంలో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఈ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"పెదనాన్నా, ఇది ఊలాంగ్ టీ. దీనిలో పాలు పోయరాదు, చక్కెర వేయరాదు. అట్లాగే తాగి చూడు," అన్నాడు.

మూత తీసి చూశాను. లోపల మూడు పొట్లాలు ఉన్నాయి. మొదటి దానిలో ముదురాకుపచ్చని చిన్న చిన్న ఉండలు. రెండవ దానిలోనూ ఉండలే, కాని గోధుమరంగువి. మూడవ దానిలో ఎరుపూ తెలుపూ గోధుమా కలిసిన మెలికల ఆకులు. మన ఇళ్లలో వాడే టీపొడికీ వీటికీ పోలికే లేదు.

"ఇవి మూడు రకాల చెట్ల ఆకులా?" అని అడిగాను.

"కాదు పెదనాన్నా. తేయాకు చెట్టు జాతి ఒకటే. మీ టీపొడి కూడా ఆ జాతి చెట్టు ఆకే," అన్నాడు వాడు.

ముప్పై ఆరేళ్లు బడిలో పాఠాలు చెప్పిన నాకు ఈ సంగతి అంతవరకు తెలియదు. మీకు తెలుసునా? తెలియకపోతే సిగ్గుపడనక్కర లేదు. వంటింట్లోకి వెళ్లి అమ్మనడిగి ఒక వంకాయ ముక్క తెచ్చుకోండి, తేలికగా తెలిసిపోతుంది.

వంకాయను కోసి పళ్లెంలో ఊరికే పెడితే ఏమవుతుంది? కాసేపటికి తెల్లని ముక్క గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకే అమ్మ కోసిన ముక్కలను కోసినట్టే ఉప్పునీళ్లలో వేస్తుంది. వంకాయ లోపల ఎంజైము అనే పదార్థం ఒక గదిలోను, రసం ఒక గదిలోను వేరువేరుగా ఉంటాయి. కత్తి పడగానే గదుల గోడలు తెగి రెండూ కలుస్తాయి. గాలిలోని ప్రాణవాయువు తోడవుతుంది. దానితో రంగు మారుతుంది.

తేయాకులో జరిగేది కూడా ఇదే. కోసిన ఆకును వెంటనే వేడిచేస్తే ఎంజైము చచ్చిపోతుంది, ఆకు పచ్చగానే ఉండిపోతుంది. అది పచ్చ టీ. ఆకును బాగా నలిపి, రంగు పూర్తిగా మారేదాకా గాలికి వదిలిపెడితే నల్ల టీ అవుతుంది. మన ఇళ్లలోని టీపొడి ఈ రకమే. ఆకును నలిపి, చింపి, గుండ్రంగా చుట్టే యంత్రంలో పడి అది సన్నని గుళికలుగా వస్తుంది. ఆ యంత్రాన్ని 1930లలో అస్సాంలో కనిపెట్టారు.

ఊలాంగ్ ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. కోసిన ఆకును ముందు ఎండలో వాడబెడతారు. తరువాత నీడలో వెదురు చేటలలో పోసి, మన అమ్మలు బియ్యం చెరిగినట్లు మెల్లగా ఎగరవేస్తారు. అప్పుడు ఆకు అంచులు మాత్రమే ఒకదానికొకటి తగిలి నలుగుతాయి. అంచు ఎర్రబడుతుంది, నడుమ పచ్చగా ఉంటుంది. మధ్య మధ్య ఆకును పరచి ఆరనిస్తారు. అనుభవం గల పనివాడు వాసన చూసి, "ఇక చాలు" అన్నప్పుడు వేడి మూకుడులో వేయించి ఆ మార్పును ఆపివేస్తారు. ఆ తరువాత చుట్టి, ఆరబెడతారు. కొన్ని రకాలను మళ్లీ నిప్పు సెగమీద కాలుస్తారు.

అరిసెల పాకం మీరు చూశారు గదా! కాస్త ముందు దించితే లేతపాకం, కాస్త ఆగితే ముదురుపాకం. బెల్లం ఒకటే, నీళ్లు ఒకటే; దించిన సమయాన్నిబట్టి రుచి. ఊలాంగ్ కూడా అంతే. ఆకు మార్పు నూటికి 10 పాళ్ల దగ్గర ఆగవచ్చు, 80 పాళ్ల దాకా పోవచ్చు. త్వరగా ఆపితే పూల వాసన. ఆలస్యంగా ఆపితే తేనె వాసన, పండిన పండ్ల వాసన.

ఊలాంగ్ అంటే చైనా భాషలో "నల్ల డ్రాగన్" అని అర్థం. దీని పుట్టిల్లు చైనా దేశపు ఫుజియన్ రాష్ట్రం. ఇంకొక విశేషం చూడండి. మనం "టీ" అంటాము, "తేయాకు" అంటాము. హైదరాబాదు వారు "చాయ్" అంటారు. ఫుజియన్ తీరపు ప్రజలు తమ మాటలో దీనిని "టె" అనేవారు. ఆ మాట ఓడలెక్కి డచ్చి వర్తకులతో యూరపు చేరింది. చైనాలో ఇతర ప్రాంతాలవారు "చా" అనేవారు. అది భూమార్గాన పారశీకం మీదుగా వచ్చి "చాయ్" అయింది. ఒకే ఆకు రెండు దారులలో నడిచి, రెండు పేర్లతో మన ఊరికి వచ్చి చేరింది!

ఫుజియన్‌లో వూయీ కొండలున్నాయి. అక్కడ రాళ్ల సందులలో పెరిగే చెట్ల ఆకును "రాతి టీ" అంటారు. వాటిలో పేరుమోసినది దాహోంగ్‌పావ్, అనగా "పెద్ద ఎర్ర అంగీ". నిప్పు సెగ తగిలిన ముదురు రుచి దానిది. అదే రాష్ట్రంలో ఆన్షీ అనే చోట తియెగ్వాన్‌యిన్ పుడుతుంది. గ్వాన్‌యిన్ అంటే బౌద్ధులు కొలిచే కరుణాదేవత. ఆమె పేరే దానికి పెట్టుకున్నారు. దానికి పూల వాసన ఉంటుంది. పక్కనున్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఫీనిక్స్ కొండ ఉన్నది. అక్కడి దాన్‌సోంగ్ టీలను ఏ చెట్టు ఆకును ఆ చెట్టుగా విడివిడిగా చేసే సంప్రదాయం ఉన్నది. ఒకదానికి ఆర్కిడ్ పువ్వు వాసన వస్తుంది, ఒకదానికి మరొక పువ్వు వాసన వస్తుంది. పువ్వులేవీ కలపరు సుమా! అది ఆకు స్వభావమే.

ఈ విద్య ఫుజియన్ నుంచి సముద్రం దాటి తైవాన్ చేరింది. 1869లో తైవాన్ ఊలాంగ్ ఓడలలో న్యూయార్కుకు పోయింది. మన దేశంలో డార్జిలింగులోను, నీలగిరులలోను కొన్ని తోటలవారు ఇప్పుడు ఊలాంగ్ తయారుచేస్తున్నారు.

ఇక నా డబ్బాలోని మూడు పొట్లాలు. మొదటిది ఆలీషాన్ అనే కొండమీది టీ. వేయి మీటర్లకు పైన, మంచుపొగలో పెరుగుతుంది. దాని వాసన తెల్లవారుజామున సంపెంగ చెట్టు కిందికి పోయినట్లుంది. రెండవది దోంగ్‌దింగ్. దానిని కాలుస్తారు. మూత తీయగానే నాకు వేయించిన బుడ్డల వాసన తగిలింది. బుడ్డలంటే వేరుశనగలు, మా కర్నూలు వైపు అట్లాగే అంటాము.

మూడవదాని కథ మీకు తప్పక నచ్చుతుంది. దాని పేరు "తూర్పు సుందరి". మన పత్తి రైతులకు పచ్చదోమ పేరు వింటే గుండె ఝల్లుమంటుంది గదా! ఆకు అడుగున చేరి రసం పీల్చే చిన్న పురుగు అది. తైవాన్ తేయాకు తోటలలో కూడా అటువంటి పచ్చదోమ ఒకటి ఉన్నది. అది కుట్టిన ఆకు తనను తాను కాపాడుకోవడానికి కొన్ని వాసన పదార్థాలను తయారుచేసుకుంటుంది. ఆ ఆకుతో చేసిన టీకి తేనె వాసన వస్తుంది. అందుచేత అక్కడి రైతులు ఈ తోటలలో పురుగుమందు చల్లరు, దోమ రావాలని ఎదురుచూస్తారు! పూర్వం ఒక రైతు దోమ కొట్టిన ఆకును పారవేయడానికి మనసొప్పక టీ చేసి పట్నంలో అమ్మాడట. దానికి మంచి ధర వచ్చింది. ఊరికి వచ్చి చెబితే ఎవరూ నమ్మలేదు. "గొప్పలు చెప్పుకొనేవాని టీ" అని ఎగతాళి చేశారు. ఆ ఎగతాళి పేరు ఈనాటికీ ఆ టీకి ఉండిపోయింది.

"మరి మన రాయలసీమలో తేయాకు ఎందుకు పండించరు?" అని మీరు అడగవచ్చు. తేయాకు చెట్టుకు ఏడాదికి 1,500 మిల్లీమీటర్ల వాన కావాలి, అదీ నెలనెలా సర్దుకొని కురవాలి. మన కర్నూలు, కడపలలో కురిసేది 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పైగా దానికి పులుపు గుణం గల నేల కావాలి. మన నల్లరేగడిలో సున్నం పాలు ఎక్కువ. కాబట్టి తేయాకు మనకు చుట్టమే గాని ఇంటిది కాదు.

ఇప్పుడు సీసాల సంగతి. 8వ శతాబ్దంలో చైనాలో లూ యూ అనే పండితుడుండేవాడు. టీ మీద మొట్టమొదటి గ్రంథం వ్రాసినది ఆయనే. ఏ నీళ్లతో టీ కాచాలో కూడా ఆయన అందులో చెప్పాడు: కొండ ఊట నీరు ఉత్తమం, నది నీరు మధ్యమం, బావి నీరు అధమం. మా తమ్ముని కొడుకు ఈ మాట చెప్పగానే నాకొక కోరిక పుట్టింది. కొండ ఊట, నది, బావి! ఈ మూడూ మన ప్రాంతంలోనే ఉన్నాయి గదా, లూ యూ మాట నిజమో కాదో ఎందుకు చూడరాదు? అందుకే ఈ ప్రయాణం.

మొదటి సీసా కర్నూలులోనే నింపుకొన్నాను. హంద్రీ నది వచ్చి తుంగభద్రలో కలిసే చోటున మా ఊరు ఉన్నది. మా కుళాయిలో వచ్చేది తుంగభద్ర నీరు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు మాది. కాని నాకు అంతకంటె గొప్పగా తోచేది ఊరికి ఎగువన సుంకేసుల దగ్గర మొదలయ్యే కాలువ. దాని పేరే కర్నూలు - కడప కాలువ. 1863 నుంచి 1870 దాకా ఒక ఇంగ్లీషు కంపెనీ దానిని తవ్వించింది. పొలాలకు నీళ్లు పారించడానికే గాక పడవలు నడపడానికి కూడా! కంపెనీకి లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం దానిని కొనుక్కొన్నది. పడవలు పోయాయి గాని, నీరు ఈనాటికీ పారుతూనే ఉన్నది. 1876లో వచ్చిన ధాత కరువులో ఈ సీమలో ఎందరో చనిపోయారు. నీరంటే మాకు రుచి సంగతి తరువాత, ముందు ప్రాణం సంగతి.

బస్సులో నంద్యాల చేరి, అక్కడినుంచి మహానందికి పోయాను. నల్లమల కొండల పాదాన గుడి, గుడిలో కోనేరు. ఏడాది పొడవునా ఊట ఊరుతూనే ఉంటుంది. అడుగున పడిన పైసా కూడా కనిపించేటంత తేట నీరు. ఆ నీరు బయటికి పారి చుట్టుపక్కల పొలాలను తడుపుతుంది. పారే చోట రెండవ సీసా నింపుకొన్నాను. పక్కనున్న ఒక ముసలమ్మ, "తీర్థమా నాయనా?" అని అడిగింది. "టీకి, అమ్మా," అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

మూడవది బావి నీరు. దానికి సీసా తీసుకొని రాలేదు. ఆ బావి ఎక్కడున్నదో నాకు తెలుసు, అక్కడికే పోతున్నాను.

నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు 2016లో రైలు మొదలయింది. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు దాటి పోతుంది. కిటికీ పక్కన కూర్చున్నాను. రెండు వైపులా నల్లరేగడి, దానిలో శనగ చేలు. బనగానపల్లె దగ్గర మామిడితోటలు కనిపించాయి. ఆ ఊరి పేరుతోనే పిలిచే మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది దాటిన తరువాత నాపరాళ్ల గుట్టలు. గోడ కట్టినట్లు పలకలు పలకలుగా పేర్చి ఉంటాయి. ఈ నాపరాయి సున్నపురాయి జాతిది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనికి కడప జిల్లాలోని నార్జి అనే ఊరి పేరు పెట్టారు. దేశమంతటా వంటింటి గట్టుకు వేసే నల్లని "కడప బండ" ఈ సీమదే.

ఈ రాతికి నీరు ఏమి చేస్తుందో చూడాలంటే కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలకు పోవాలి. వాటిని 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు గుర్తించి వ్రాశాడు. 1982, 83 సంవత్సరాలలో జర్మనీవారు లోపలికి దిగి కొలతలు తీశారు. పొడవు 3,229 మీటర్లు! 2002లో అందరికీ తెరిచిన తరువాత మా బడి పిల్లలను తీసుకొని వెళ్లాను. "సార్, ఇంత సొరంగం ఎవరు తవ్వారు?" అని ఒక పిల్ల అడిగింది. "నీళ్లు," అన్నాను.

నిజమే. వాన చినుకు గాలిలోను, మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెం పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాతి సందులలోకి దిగి, రాతిని కొద్దికొద్దిగా కరిగించుకొని పోతుంది. లక్షల ఏళ్లు అట్లా కరిగితే గుహ ఏర్పడుతుంది. మరి కరిగిన సున్నం ఎక్కడికి పోయింది? నీళ్లలోనే ఉన్నది. ఆ నీరే బావిలో ఊరుతుంది. దానినే మీ పాఠంలో "కఠిన జలము" అంటారు. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు.

పిల్లలూ, ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. చెప్పడానికి కొంచెం కష్టంగానే ఉన్నది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ నాపరాతి గనుల మధ్య ఒక పల్లె బడిలో పనిచేశాను. ఏడవ తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. తండ్రి గనిలో రాయి కొట్టేవాడు. కుర్రవాని చొక్కా ఎప్పుడూ మట్టిరంగుగా ఉండేది. ఒకనాడు తనిఖీ అధికారి వస్తున్నారని అందరినీ శుభ్రమైన బట్టలతో రమ్మన్నాను. వాడు ఆ చొక్కాతోనే వచ్చాడు.

"ఏమిరా, సబ్బు లేదా మీ ఇంట్లో?" అన్నాను.

"ఉంది సార్. మా బాయి నీళ్లకు నురగ రాదు," అన్నాడు వాడు.

నేను నమ్మలేదు. సాకు చెబుతున్నాడనుకొన్నాను. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టాను. అదే నెలలో, అదే తరగతికి, కఠిన జలము పాఠం చెప్పాను. నల్లబల్ల మీద చక్కగా వ్రాశాను, "కఠిన జలములో సబ్బు నురగనివ్వదు" అని. వాడు దానిని నోటుబుక్కులో వ్రాసుకొన్నాడు. నాకు మాత్రం ఆ రెండూ ఒకటేనని ఆనాడు తట్టలేదు. తట్టేటప్పటికి నాకు మరొక ఊరికి బదిలీ అయింది.

ఆ కుర్రవాడు ఇప్పుడు అదే పల్లెలో, రోడ్డు పక్కన టీ అంగడి నడుపుతున్నాడు. ఈ సంగతి ఒక పాత విద్యార్థి చెప్పాడు. నా మూడవ నీళ్ల బావి ఆ అంగడి వెనుకనే ఉన్నది.

జమ్మలమడుగులో దిగి, ఆటోలో ఆ పల్లె చేరాను. జుట్టు సగం నెరిసిన మనిషి నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "రండి సార్, రండి," అంటూ నాపబండ మీద తువ్వాలు పరచి కూర్చోబెట్టాడు. వచ్చిన పని చెప్పాను. వాడు నవ్వి, పొయ్యి మీద ఒక గిన్నె ఖాళీ చేసి ఇచ్చాడు. బెంచీ మీద కూర్చున్నవారు కూడా లేచి చుట్టూ చేరారు.

ఆలీషాన్ పొట్లం విప్పి, మూడు గాజు గ్లాసులు పెట్టుకొన్నాను. కొలత ఒకటే, కాగిన వేడి ఒకటే, నానబెట్టిన సమయం ఒకటే. మారినవి నీళ్లు మాత్రమే. పరీక్ష చేసేటప్పుడు ఒక్కటే మార్చాలి, మిగిలినవన్నీ ఒకే తీరుగా ఉంచాలి. ఇది మరిచిపోకండి.

తుంగభద్ర నీళ్ల గ్లాసు లేత బంగారు రంగుకు వచ్చింది. సంపెంగ వాసన బాగా తెలిసింది. మహానంది నీళ్లది ఇంకా తేటగా ఉన్నది. వాసన ముక్కుకు ముందు అందింది, తాగిన తరువాత కూడా గొంతులో నిలిచింది. మూడవది బావి నీరు. రంగు మకిలిగా దిగింది. పైన సన్నని తెట్టు కట్టింది. వాసన లేదు. నోట్లో పోస్తే సుద్ద నాకినట్లుంది.

"లూ యూ చెప్పింది నిజమే! బావి నీరు అధమమే," అన్నాను.

"ఒక్క నిమిషం ఆగండి సార్," అని వాడు లోపలికి పోయి, మూతపెట్టిన ఒక స్టీలు బిందె తెచ్చాడు. "ఇదీ ఆ బాయి నీళ్లే. కుళాయి రాని రోజున దీనితోనే వ్యాపారం. నిన్న రాత్రి బాగా తెర్ల కాచి, కదిలించకుండా పెట్టినాను. తెల్లారి పైపైన తేట వంచుకున్నాను. దీనితో చేసి చూడండి."

నాలుగవ గ్లాసు పెట్టాను. పిల్లలూ, రంగు బంగారం! తెట్టు లేదు. సంపెంగ వాసన తిరిగి వచ్చింది. మహానంది నీళ్లంత కాకపోయినా, కర్నూలు నీళ్లకు ఏమీ తీసిపోలేదు.

నేను ఆశ్చర్యంగా చూస్తుంటే, వాడు నీళ్లు కాచే పాత్ర తెచ్చి అడుగు చూపించాడు. తెల్లని పెచ్చు కట్టి ఉన్నది. "ఈడ మిగిలింది సార్, మా నీళ్లలోని రాయి," అన్నాడు.

ఎంత సరిగ్గా చెప్పాడు! నీళ్లను కాచినప్పుడు బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోతుంది. దాని తోడు లేనిదే సున్నపురాయి నీళ్లలో కరిగి ఉండలేదు. మళ్లీ రాయిగా మారి అడుగున కూర్చుంటుంది. బెలుం గుహలో లక్షల ఏళ్లు నీరు తీసుకొన్న అప్పును, ఆ గిన్నెలో ఒక్క రాత్రిలో తీర్చివేస్తున్నది.

"ఎవరు నేర్పారు నీకిది?" అన్నాను.

"ఎవరూ నేర్పలేదు సార్. మా అమ్మ పప్పుకు అట్లా చేసేది. మీరు చెప్పిన పాఠంలో కూడా ఉండింది, కాచితే పోతుందని."

నాకు మాట పెగలలేదు. కొంతసేపటికి అడిగాను, "నిన్ను ఎండలో నిలబెట్టిన రోజు గుర్తుందా?"

వాడు గ్లాసులు కడుగుతూ, తల ఎత్తకుండా, "గుర్తుంది సార్. ముందురోజు మా అమ్మ ఆ చొక్కాను రెండుసార్లు ఉతికింది," అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. చుట్టూ పదిమంది ఉన్నారు. "ఆనాడు నీవు నిజం చెప్పావు. నేను నమ్మలేదు. తప్పు నాది," అన్నాను.

వాడు ఏమీ అనలేదు. పొయ్యి మంట పెంచాడు. పాలు పోసి, చక్కెర వేసి, అల్లం దంచి వేసి, తన టీ కాచి ఒక గ్లాసు నా చేతికి ఇచ్చాడు. "మీ డబ్బా టీ మంచిదే సార్. నాది కూడా తాగి పోండి," అన్నాడు. తాగాను. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. తూర్పు సుందరి పొట్లం వానికే ఇచ్చి వచ్చాను. దోమ కుట్టిన ఆకుకు తేనె వాసన వస్తుందని చెబితే, పత్తి వేసే వాని బావమరిది పక్కనుండి, "అయితే మా చేను పంపిద్దామా సార్ ఆ దేశానికి?" అన్నాడు. అందరమూ నవ్వుకొన్నాము.

ఇక మీరు చేయవలసిన పని ఒకటి ఉన్నది. రెండు సీసాలు తీసుకొని, ఒకదానిలో వాననీరు లేదా మీ కుళాయి నీరు, రెండవదానిలో మీ ఊరి బావి నీరో బోరు నీరో సగానికి పోయండి. రెండింటిలోను ఒకే మోతాదులో సబ్బు తురుము వేసి, మూత పెట్టి బాగా కుదపండి. దేనిలో నురగ నిలుస్తుందో చూడండి. తరువాత ఆ బోరు నీటిని పెద్దవారిచేత కాయించి, చల్లార్చి, తేట వంచి, మళ్లీ చేసి చూడండి. ఇంట్లో నాపరాతి ముక్క ఉంటే దానిమీద ఒక నిమ్మరసపు చుక్క వేసి దగ్గరగా చూడండి; సన్నని బుడగలు లేస్తాయి. వంటింటి గట్టు మీద మాత్రం వేయకండి, మెరుగు పోతుంది, అమ్మ కోప్పడుతుంది. తెట్టు కట్టిన పాలులేని టీలో నిమ్మరసం పిండితే తెట్టు విడిపోతుంది, రంగు తేలిపోతుంది. అదీ ఈ కారణం చేతనే.

కఠిన జలం విషం కాదు. భయపడనక్కర లేదు. దాని గుణం తెలుసుకొని వాడుకోవాలి, అంతే.

తల్లిదండ్రులకు ఒక మాట. చిన్నపిల్లలకు టీ అలవాటు చేయడం మంచిది కాదు. వాసన చూడనివ్వండి, రంగు చూడనివ్వండి, అది చాలు.

పిల్లలకు ఒక మాట. మీ తరగతిలో ఎవరైనా మీకు వింతగా తోచే కారణం చెబితే, వెంటనే సాకు అనకండి. ఒకసారి వాళ్ల ఊరికి పోయి, వాళ్ల బావి నీళ్లు తాగి చూడండి. నేను నలభై ఏళ్లు ఆలస్యంగా పోయాను. మీరు అంత ఆలస్యం చేయకండి.